కోచ్ తీసేయడం వేరు, కాలేజీ తీసేయడం వేరు

అమెరికాలో కాలేజీ టీముకి ఆడే పిల్లల మీద క్రమశిక్షణ కేసు పడితే ఇంట్లోవాళ్ళకి ముందు తట్టేది ఒక్కటే: ఈ కాలేజీ వదిలేసి ఇంకో కాలేజీలో చేర్చేద్దాం. 2024లో మా అక్క కొడుకు విషయంలో బావగారు నాకు ఫోన్ చేసి అన్న మొదటి మాట అదే. ఆ రోజు ఆ మాట విని ఉంటే వాడు ఏడాదిపాటు రాకెట్ పట్టుకుని ప్రాక్టీసు చేస్తూ, మ్యాచ్ రోజున స్టాండ్‌లో కూర్చుని చప్పట్లు కొట్టేవాడు.

వాడు సికింద్రాబాద్ కుర్రాడు. ఇంట్లో అందరికీ టెన్నిస్ పిచ్చి. సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాడన్న సంగతి బావగారు చెప్పినన్నిసార్లు ఎవరూ చెప్పి ఉండరు. అప్పట్లో కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో మగపిల్లల టెన్నిస్‌కి ఒక్కో టీముకి నాలుగున్నర స్కాలర్‌షిప్పులే అనుమతి. వాటినే ఎనిమిది, పదిమంది పంచుకుంటారు. మావాడికి సగం ఫీజు వచ్చేది, మిగతా సగం బావగారి జేబులోంచే. 2022లో చేరిన మొదటి కాలేజీలో కోచ్ వెళ్ళిపోవడంతో రెండో ఏడాదికి మిడ్‌వెస్ట్‌లో ఇంకో యూనివర్సిటీకి మారాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పని పడింది.

గొడవ ఫిబ్రవరిలో జరిగింది. డార్మ్ రూములో బీరు, అక్కడ తాగడానికి 21 నిండాలి, వాడికింకా నిండలేదు. రూమ్‌మేట్‌తో మాటా మాటా పెరిగి తోపులాట అయింది. ఆ అబ్బాయి మంచం అంచుకి తగిలి కనుబొమ్మ మీద కుట్లు పడ్డాయి. పోలీసు కేసు కాలేదు, అంతవరకు అదృష్టం. మర్నాడే కోచ్ టీములోంచి తీసేశాడు. వారం తిరక్కుండా స్టూడెంట్ కండక్ట్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది.

నేనుండేది నార్త్ కరోలినాలోని కేరీలో. అమెరికాలో ఉన్న దగ్గర బంధువుని నేనే కాబట్టి బాధ్యత నా మీద పడింది. మొదట ఆ ఆఫీసుకి ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు, కానీ ఒక్క ముక్క చెప్పలేదు. ఫెర్పా అని 1974 నాటి చట్టం ఉంది. పిల్లవాడు కాలేజీలో చేరాక వాడి రికార్డు మీద హక్కు వాడిదే. మామూలుగా కన్నవాళ్ళకే చెప్పరు, ఇక పిన్నికేం చెబుతారు? వాడు ఒక అనుమతి పత్రం మీద సంతకం పెట్టి ఇచ్చాక గానీ నాతో ఎవరూ మాట్లాడలేదు. ఇలాంటి చిక్కులో ఉన్నవాళ్ళు ఆ సంతకం మొదటి రోజే పెట్టించుకోవాలి.

ఇక అసలు రూలు. ఒక కాలేజీ నుంచి క్రమశిక్షణ కారణాలతో సస్పెండై, ఆ సస్పెన్షన్ నడుస్తుండగానే ఇంకో కాలేజీకి మారితే, కొత్త కాలేజీలో పూర్తి క్యాలెండర్ సంవత్సరం గడిచేదాకా మ్యాచ్ ఆడకూడదని కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ డివిజన్ వన్ నిబంధన. ప్రాక్టీసు చేయొచ్చు, స్కాలర్‌షిప్పూ తీసుకోవచ్చు, ఆట మాత్రం లేదు. పైగా అప్పట్లో ఐదేళ్ళలోపే నాలుగు సీజన్లు ఆడేయాలన్న గడియారం ఒకటుండేది, అది మన కోసం ఆగదు.

ఈ రూలు మాట్లాడేది యూనివర్సిటీ వేసే సస్పెన్షన్ గురించి. కోచ్ టీములోంచి తీసేయడం దీని కిందికి రాదు. మా ఇంట్లో ఈ రెండిటినీ కలిపేసి, "టీములోంచి తీసేశారంటే అయిపోయినట్టే కదా, ఇంకక్కడ ఏం పని?" అని తీర్మానించేశారు. నిజానికి ఏమీ అయిపోలేదు. కోచ్ తీసేసినా యూనివర్సిటీ దృష్టిలో వాడు ఇంకా మామూలు విద్యార్థే. దాన్ని అలాగే నిలబెట్టుకోవడమే మా పని అని నాకు అర్థమైంది.

బావగారితో రాత్రిళ్ళు నడిచిన వాదన ఇదే. "హియరింగ్‌కి ముందే విత్‌డ్రా చేయిస్తే వాళ్ళేం చేస్తారమ్మా? వాళ్ళ చేతికి దొరకడుగా" అంటారు ఆయన. "బావగారూ, కేసు పెండింగులో పెట్టి వెళ్ళిపోతే ట్రాన్‌స్క్రిప్ట్ మీద హోల్డ్ వేస్తామని వాళ్ళ రూల్‌బుక్‌లోనే రాసుంది" అంటాను నేను. అదొక్కటే కాదు. సెమిస్టర్ మధ్యలో వదిలేస్తే ఆ టర్మ్‌లో రావాల్సిన క్రెడిట్లు రావు, క్రెడిట్లు రాకపోతే చదువు లెక్కలోనూ ఆడే అర్హత పోతుంది. ఇక వీసా. ఎఫ్1 అనే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడు చదువు పూర్తి చేస్తే దేశం విడిచి వెళ్ళడానికి 60 రోజులిస్తారు. అనుమతి తీసుకుని విత్‌డ్రా అయితే 15 రోజులు. సస్పెన్షన్ వల్ల సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్‌లో, రికార్డు రద్దైతే ఒక్క రోజు కూడా గడువుండదు. ఈ చివరిది విన్నాక ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు.

ఆఫీసులో ఒక అమెరికన్ కొలీగ్ నాకు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు క్యామ్ న్యూటన్ కథ చెప్పాడు. 2008లో ఫ్లోరిడాలో ఉండగా లాప్‌టాప్ కేసులో అరెస్టై, టీము సస్పెండ్ చేస్తే, టెక్సాస్‌లో బ్లిన్ అనే రెండేళ్ళ కాలేజీకి వెళ్ళి ఆడి, అక్కణ్ణుంచి ఆబర్న్ వెళ్ళి 2010లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ కొట్టాడు. వినడానికి బాగుంది. కానీ మావాడు టీములోని ఆరు సింగిల్స్ స్థానాల్లో ఐదో దాన్లో ఆడేవాడు. వాడి కోసం రెండేళ్ళు ఎదురుచూసే కోచ్ ఎవరూ లేడు.

హియరింగ్ మార్చిలో జరిగింది. పక్కన ఒక సలహాదారు కూర్చోవచ్చు, నోరు మాత్రం విప్పకూడదు. నేను విమానం ఎక్కి వెళ్ళి కూర్చున్నాను. అది కోర్టు కాదు. నేరం సందేహాతీతంగా రుజువు కావాలన్న పట్టింపు అక్కడ లేదు, జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందనిపిస్తే చాలు. ముగ్గురు సభ్యులు. టేబుల్ మీద నీళ్ళ సీసాలు, ఒక టిష్యూ పెట్టె. వాడు రాసుకొచ్చిన కాగితం చదువుతుంటే చెయ్యి వణికి కాగితం గలగలా చప్పుడైంది. నేనొక్క మాట అందించబోయి నాలుక కరుచుకున్నాను.

తీర్పు: స్ప్రింగ్ సెమిస్టర్ అయిన దగ్గర్నుంచి ఏడాది సస్పెన్షన్.

అప్పీలుకి వాళ్ళిచ్చిన గడువు ఐదు పనిదినాలు. కారణాలు మూడే ఒప్పుకుంటారు: విచారణ పద్ధతిలో లోపం, కొత్త సాక్ష్యం, తప్పుకి మించిన శిక్ష. "వాడి కెరీర్ పోతుంది, వీసా పోతుంది" అని కన్నీళ్ళతో మొదలెట్టి బావగారు పంపిన డ్రాఫ్టు నేను పక్కన పెట్టాను. శిక్ష వల్ల మనకి ఎంత నష్టమో అప్పీలు అధికారికి అక్కర్లేదు, శిక్ష తప్పుకి తగినదా కాదా అన్నదే చూస్తారు. తోపులాట ఇద్దరి మధ్యా జరిగిందని ఆ రూమ్‌మేటే తన వాంగ్మూలంలో చెప్పాడు. మావాడికి ఇది మొదటి కేసు. ఆల్కహాల్ కోర్సు ఎవరూ చెప్పకముందే చేసేశాడు. ఈ మూడే రాశాం, ఒక పేజీ దాటలేదు. ఏప్రిల్‌లో జవాబొచ్చింది. సస్పెన్షన్‌ని డిఫర్డ్ సస్పెన్షన్‌గా మార్చారు. అంటే డిసెంబర్ దాకా ప్రొబేషన్, ఈలోగా మళ్ళీ ఏదైనా చేస్తే అప్పుడు అసలు శిక్ష అమలవుతుంది.

సరిగ్గా ఆ నెలలోనే ఎన్‌సీఏఏ పెద్ద మార్పు తెచ్చింది. 2021 నుంచి అన్ని ఆటల్లోనూ ఒక్కసారి ట్రాన్స్‌ఫరైతే వెంటనే ఆడనిచ్చేవారు, రెండోసారి మారితే మామూలుగా ఏడాది ఆగాలి. 2023 డిసెంబర్‌లో వెస్ట్ వర్జీనియా ఫెడరల్ కోర్టు ఆ అడ్డుని ఆపేసింది. 2024 ఏప్రిల్‌లో రూలే మారిపోయింది, ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చు. మావాడికిది రెండో మార్పు కాబట్టి ఇంట్లో పండగే. వాట్సాప్ గ్రూపులో బావగారు లడ్డూల బొమ్మలు పెట్టారు. కానీ కొత్త రూల్లోనూ షరతు అలాగే ఉంది: పాత కాలేజీ వదిలేనాటికి చదువులో అర్హత ఉండాలి, క్రమశిక్షణ సస్పెన్షన్ గానీ డిస్మిసల్ గానీ మీద ఉండకూడదు.

ఇక్కడే టెన్షన్. మావాడి కాగితం మీద సస్పెన్షన్ అన్న మాట ఉంది, ముందు డిఫర్డ్ అని ఉన్నా సరే. టెక్సాస్‌లో ఒక చిన్న డివిజన్ వన్ కాలేజీ కోచ్ ఆసక్తి చూపించాడు గానీ, అక్కడ ఆటల రూళ్ళు చూసే కంప్లయన్స్ ఆఫీసు ఆవిడ ఆ మాట చూసి ఆగిపోయింది. ఆటగాడు ఆడొచ్చో లేదో తేల్చేది కోచ్ కాదు, కంప్లయన్స్ ఆఫీసు. కోచ్ "నో ప్రాబ్లమ్" అన్నాడని సంబరపడి టికెట్లు కొనకండి. మేం పాత యూనివర్సిటీ డీన్ ఆఫీసుని ఒక ఉత్తరం అడిగాం: ఈ విద్యార్థి ప్రస్తుతం సస్పెన్షన్‌లో లేడు, వచ్చే సెమిస్టర్‌కి ఇక్కడే రిజిస్టర్ చేసుకునే అర్హత ఉంది అని. అంతే, రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాల ఉత్తరం రాకపోతే మిగతా ఫైలంతా చిత్తుకాగితం.

మే నెలలో ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, అంటే కాలేజీ మారదలచిన ఆటగాళ్ళ జాబితాలో, పేరు పెట్టమని రాతపూర్వకంగా అడిగాడు. అడిగాక రెండు పనిదినాల్లో కాలేజీ పెట్టి తీరాలి. కాకపోతే పేరు ఎక్కిందంటే ఆ టర్మ్ అయ్యాక పాత కాలేజీ స్కాలర్‌షిప్పు ఆపేయొచ్చు, ఆపేసింది కూడా. తర్వాత కొత్త కాలేజీ నుంచి పాత కాలేజీకి ట్రేసర్ అనే ఫారం వెళ్ళింది. చదువులో అర్హత ఉందా, సస్పెన్షన్‌లో ఉన్నాడా, వాళ్ళు అడిగేవి అవే.

ట్రేసర్ పాత కాలేజీ నింపుతుంది, డిస్‌క్లోజర్ ఫారం మాత్రం వాడే నింపాలి. లైంగిక హింస, తీవ్రమైన దాడుల కేసుల్ని ఆటగాళ్ళు బయటపెట్టాలని ఎన్‌సీఏఏ విధానం ఉంది. ఎస్‌ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్) లాంటి కాలేజీల కూటమి అయితే 2015 నుంచే అలాంటి కేసుల్లో డిస్మిస్ అయినవాళ్ళని అసలు తీసుకోవద్దంటోంది. మావాడి తోపులాట అంత తీవ్రమైనది కాదు. కానీ ఈ కాలేజీ సొంత ఫారం ఇంకా విశాలంగా అడిగింది: ఏ విద్యాసంస్థలోనైనా, ఏ కారణానికైనా శిక్ష పడిందా?

"నో అని కొట్టేయమ్మా, వాళ్ళకెలా తెలుస్తుంది?" అన్నారు బావగారు.

"నాన్నా, ఆ సస్పెన్షన్ కాగితం వాళ్ళు ముందే చూశారు, ఇప్పుడు నేను నో అంటే నన్ను ఆ రోజే పంపించేస్తారు" అన్నాడు వాడే. అప్పటిదాకా ప్రతిదానికీ "పిన్నీ, ఏం రాయను?" అని అడిగినవాడు, ఆ అరపేజీ ఎవర్నీ అడక్కుండా రాసుకున్నాడు. ఏం జరిగింది, ఏం శిక్ష పడింది, తర్వాత తనేం చేశాడు. సాకులు లేవు. కంప్లయన్స్ ఆవిడ చదివి రెండు ప్రశ్నలు అడిగింది, అంతే.

అన్నీ అయ్యాయనుకున్నాక చివరి మెలిక చదువు దగ్గర పడింది. మూడో ఏడాదిలో అడుగుపెట్టేసరికి డిగ్రీలో 40 శాతం పూర్తయి ఉండాలన్నది అప్పటి రూలు. 120 క్రెడిట్ల డిగ్రీకి 48 అన్నమాట. మొత్తం క్రెడిట్లు వాడికి సరిపడా ఉన్నాయి, కానీ కొత్త కాలేజీ కంప్యూటర్ సైన్స్ డిగ్రీలోకి పనికొచ్చేవి 44 మాత్రమే. ఆడాలంటే బిజినెస్‌లో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌కి మారాలి, దాన్లో అయితే అన్నీ లెక్కకొస్తాయి. సస్పెన్షన్ అన్నప్పుడు కూడా గొంతు పెంచని మా అక్క ఆ రోజు ఫోన్‌లో ఏడ్చింది. "కంప్యూటర్ సైన్స్ వదిలేస్తే ఉద్యోగం ఎవరిస్తారే?" అని. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పదేళ్ళ నుంచి ఉద్యోగం చేస్తున్నది బీకాం డిగ్రీతోనే అని గుర్తుచేస్తే, "నీ రోజులు వేరు" అంది.

ఆగస్టు చివర్లో క్లియరెన్స్ మెయిలొచ్చింది. ప్రొబేషన్ డిసెంబర్‌లో ముగిసింది, జనవరిలో మొదలైన సీజన్లో వాడు ఆరో స్థానంలో సింగిల్స్ ఆడాడు. పాత యూనివర్సిటీ ఆ కేసు ఫైలుని ఏడేళ్ళు ఉంచుతుంది. ఇప్పుడు మాస్టర్స్‌కి చూసుకుంటున్న కాలేజీల్లో కొన్ని మళ్ళీ అదే ప్రశ్న అడుగుతున్నాయి. ఆ అరపేజీని తేదీలు మార్చి వాటికీ పంపుతున్నాడు.