వెబ్‌సైట్ బిల్డర్‌లో కట్టుకున్న సైటుకు లోపలి లింకులు

కోడ్ రాయకుండానే సైటు కట్టుకోనిచ్చే వెబ్‌సైట్ బిల్డర్లు వచ్చాక పేజీ తయారు చేయడం ఎవరికైనా సాధ్యమైంది గాని, ఆ పేజీలను ఒకదానితో ఒకటి కలిపే పని మాత్రం ఇప్పటికీ సైటు నడిపేవారి ఆలోచన మీదనే ఆధారపడి ఉంది. విక్స్ వంటి బిల్డర్లలో కొత్త పేజీ చేర్చగానే దాని పేరు మెనూలోకి దానంతట అదే వచ్చి చేరుతుంది కాబట్టి, దారి ఏర్పడిపోయిందని అనుకుంటాం. పేజీలు ఐదారు ఉన్నంతకాలం ఆ మెనూ చాలు. అవి ఇరవై, ముప్పై అయ్యేసరికి మెనూ కింద ఉపమెనూలు, వాటి కింద మరికొన్ని పేర్లు చేరి, తమకు కావలసినది ఏ పేరు వెనుక ఉందో చదివేవారే ఊహించుకోవలసి వస్తుంది. ఫోనులోనైతే ఆ మెనూ మొత్తం మూడు గీతల గుర్తు వెనుక ఉండిపోతుంది.

మెనూలో కనిపించేది సైటు యజమాని తన విషయాన్ని విభజించుకున్న తీరు. చదివేవారికి సందేహం కలిగేది మాత్రం ఏదో ఒక పేరా మధ్యలో. సంగీతం నేర్పే ఒక సైటును ఊహించండి. కొత్తగా చేరేవారికి వారాంతాల్లో తరగతులు ఉంటాయన్న వాక్యం చదవగానే, అవి ఏ వేళల్లో జరుగుతాయి, రుసుము ఎంత, మధ్యలో చేరవచ్చా అనే ప్రశ్నలు వెంటనే పుడతాయి. వాటికి సమాధానాలు అదే సైటులో వేరే పేజీల్లో ఉన్నప్పటికీ, ఆ వాక్యంలో లింకు లేకపోతే చదివేవారు మళ్లీ పైకి వెళ్లి మెనూ తెరిచి వెతుక్కోవాలి, లేదా విసిగి సైటు వదిలి వెళ్లిపోవాలి. పైగా సెర్చ్ ద్వారా వచ్చేవారిలో చాలామంది హోమ్ పేజీని చూడనే చూడరు. నేరుగా ఏదో ఒక లోపలి పేజీలో అడుగుపెడతారు. అందువల్ల ప్రతి పేజీనీ ఎవరో ఒకరు మొదట చూసే పేజీగా భావించి, అక్కడి నుంచి ముందుకు వెళ్లే దారిని ఆ పేజీ పాఠంలోనే ఉంచాలన్నది నా గట్టి అభిప్రాయం.

లింకుగా ఏ మాటలను ఎంచుకుంటామన్నది ఇందులో అన్నిటికన్నా ముఖ్యం. ‘ఇక్కడ నొక్కండి’, ‘మరింత చదవండి’ అనే లింకులు నొక్కిన తరువాత ఏం వస్తుందో చెప్పవు. ‘వారాంతపు తరగతుల వేళలు’ అనే లింకు చెబుతుంది. జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో పనిచేసిన పీటర్ పిరోలీ, స్టువర్ట్ కార్డ్ 1990 దశకంలో, మనిషి సమాచారం కోసం వెతికే తీరును జంతువులు వాసన పట్టుకుని ఆహారం వైపు సాగడంతో పోల్చారు. లింకులోని మాటల్లో ఆ వాసన లేనప్పుడు చదివేవారు అడుగు ముందుకు వేయరు. తెర మీది పాఠాన్ని చదివి వినిపించే, చూపులేనివారు వాడే స్క్రీన్ రీడర్లలో పేజీలోని లింకులన్నిటినీ ఒక జాబితాగా వినే సదుపాయం ఉంది. ఆ జాబితాలో ‘ఇక్కడ నొక్కండి’ అన్న మాటే పదేపదే వినిపిస్తే ఏది ఎక్కడికి పోతుందో తెలిసే మార్గం లేదు. వెబ్ ప్రమాణాలను రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం, వైకల్యం ఉన్నవారికీ వెబ్ అందుబాటులో ఉండేందుకు 2008లో వెలువరించిన సౌలభ్య మార్గదర్శకాల 2.0 వెర్షన్, లింకు ఉద్దేశం దాని మాటల వల్లనో, చుట్టూ ఉన్న సందర్భం వల్లనో తెలియాలన్న నియమాన్ని కనీస స్థాయిలోనే చేర్చింది. తెలుగులో రాసేవారు ఒక చిన్న విషయం గమనించాలి: మాటను ఎంచుకునేటప్పుడు విభక్తితో సహా మొత్తం ఎంచుకోవాలి, లేకపోతే లింకు కింది గీత మాట మధ్యలో ఆగిపోయి చూడడానికి పొరపాటులా ఉంటుంది.

ఇక లింకు వేసే పద్ధతి. మాటలను ఎంచుకుని గొలుసు గుర్తును నొక్కితే చాలా బిల్డర్లలో సైటులోని పేజీ, పేజీలోని ఒక భాగం, బయటి వెబ్ చిరునామా, ఈమెయిలు, ఫోను నంబరు వంటి ఎంపికలు వస్తాయి. సొంత పేజీకి లింకు ఇవ్వాలనుకున్నప్పుడు పేజీల జాబితా నుంచే ఎంచుకోవాలి గాని, చిరునామాను కాపీ చేసి అతికించకూడదు. అలా అతికించే తొందరలో ఎడిటర్ (పేజీని దిద్దుకునే తెర) చిరునామానో, ప్రివ్యూ చిరునామానో అతికించే ప్రమాదం ఉంది. లాగిన్ అయి ఉన్న మనకు అది చక్కగా తెరుచుకుంటుంది, వచ్చేవారికి తెరుచుకోదు. మరొక కారణం కూడా ఉంది. బిల్డర్ ఉచితంగా ఇచ్చిన చిరునామాతో సైటు మొదలుపెట్టి తరువాత సొంత డొమైన్‌కు, అంటే సొంత పేరుతో ఉన్న చిరునామాకు మారినప్పుడు, అతికించిన లింకులన్నీ పాత చిరునామానే పట్టుకుని ఉంటాయి. జాబితా నుంచి ఎంచుకున్న లింకు అనేక బిల్డర్లలో పేజీ చిరునామా మారినా ఆ పేజీ వెంటే వెళుతుంది. మీ బిల్డర్ ఎలా ప్రవర్తిస్తుందో ఒక ఖాళీ పేజీ మీద పరీక్షించి చూసుకోవడం మంచిది.

చిరునామాలు మారకుండా ఉండేలా మొదటే ఆలోచించి పెట్టుకోవాలని వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే రాశారు. పేజీ శీర్షిక తెలుగులో ఉంటే కొన్ని బిల్డర్లు చిరునామా చివరి భాగాన్ని కూడా తెలుగులోనే తయారు చేస్తాయి. కంప్యూటర్లు అక్షరాలను భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా మూడేసి బైట్లు పడతాయి. చిరునామాను కాపీ చేసినప్పుడు ఒక్కొక్క బైటు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులుగా మారుతుంది. ఆ లెక్కన ‘తెలుగు’ అనే మాట ఒక్కటే 54 గుర్తుల పొడవవుతుంది. అందువల్ల శీర్షికను తెలుగులోనే ఉంచి, చిరునామా భాగాన్ని మాత్రం రోమన్ లిపిలో క్లుప్తంగా పెట్టుకుంటే లింకు పంచుకోవడం సులువవుతుంది. తప్పనిసరై చిరునామా మార్చవలసి వస్తే, పాతదాని నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ పెట్టాలి, అంటే పాత చిరునామాకు వచ్చేవారిని శాశ్వతంగా కొత్తదానికి మళ్లించాలి.

పొడవైన పేజీల్లో ఒక శీర్షిక దగ్గరికి నేరుగా తీసుకుపోయే లింకులు ఎంతో ఉపయోగపడతాయి. అయితే పైభాగంలో కదలని పట్టీ ఉన్న సైటుల్లో శీర్షిక ఆ పట్టీ కిందికి పోయి కనబడకుండా ఉండవచ్చు కాబట్టి, యాంకర్‌ను, అంటే లింకు వచ్చి చేరే గుర్తును, శీర్షికకు కాస్త పైన పెట్టాలి. సొంత సైటులోని లింకులు అదే ట్యాబులో తెరుచుకోవడమే నాకు సరైనదనిపిస్తుంది, ఎందుకంటే కొత్త ట్యాబు తెరిస్తే వెనక్కి వెళ్లే బటన్ పనిచేయక చాలామంది తికమకపడతారు. కొన్ని థీములు (బిల్డర్ ఇచ్చే రూపకల్పన నమూనాలు) లింకు కింద గీతను తీసివేసి రంగును మాత్రమే మారుస్తాయి. రంగుల తేడా గుర్తించలేనివారి కోసం ఆ గీతను తిరిగి పెట్టాలి. ఒకే పేరాలో ఒకే పేజీకి పలుమార్లు లింకు ఇవ్వనక్కరలేదు.

ఏ లింకూ చేరని పేజీలు ప్రతి పెద్ద సైటులోనూ కొన్ని ఉంటాయి. సెర్చ్ ఇంజన్లు కొత్త పేజీలను ప్రధానంగా లింకుల ద్వారానే కనుగొంటాయి గనుక అటువంటి పేజీలు వాటికీ సులభంగా దొరకవు. సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనంలోని లింకుల నివేదికలో ఏ పేజీకి సైటు లోపలి నుంచి ఎన్ని లింకులు ఉన్నాయో చూడవచ్చు. కొత్త పేజీ ప్రచురించిన ప్రతిసారీ, అదే విషయాన్ని ప్రస్తావించిన పాత పేజీలను తెరిచి, సరిగ్గా ఆ ప్రస్తావన దగ్గర లింకు చేర్చడం అలవాటు చేసుకోవాలి. పేజీని తొలగించేటప్పుడు కూడా అంతే: దాని వైపు చూపే లింకులను ముందు వెతికి మార్చి, దానికి దగ్గరి విషయం ఉన్న పేజీకి రీడైరెక్ట్ పెట్టి, ఆ తరువాతే తొలగించాలి.