పచ్చడి సీసాలకి బార్‌కోడ్: నా అనుభవం

ఉప్పల్‌లో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతాను. తెలిసినవాళ్లకి అమ్మినన్నాళ్లూ బార్‌కోడ్ గొడవే లేదు. పోయినేడాది తార్నాకలో ఒక సూపర్‌మార్కెట్ వాళ్లు మా సీసాలు పెట్టుకుంటామన్నారు, మొదట అడిగింది "బార్‌కోడ్ ఉందా మేడమ్?" అనే.

మన దేశంలో బార్‌కోడ్ నంబర్లు ఇచ్చేది జీఎస్1 ఇండియా అనే సంస్థ. ఆన్‌లైన్‌లో అప్లై చేసి, పాన్, జీఎస్టీ కాగితాలు పెట్టి, ఫీజు కట్టాను. అదేం కష్టం కాలేదు. 890తో మొదలయ్యే నంబర్లు వచ్చాయి. 890 అంటే ఇండియాలో తయారైందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను, కానీ అది ఆ కంపెనీ ఇక్కడ నమోదైందని మాత్రమే చెబుతుంది.

కష్టమంతా ఆ తర్వాతే. ఆవకాయ ఒకటే కదా అని అరకిలో సీసాకీ కిలో సీసాకీ ఒకే నంబర్ వేయించేశాను. ఆ గీతల్లో ధర ఉండదు, ఉండేది నంబర్ ఒక్కటే, దానికి ధర షాపు కంప్యూటర్లో ఉంటుంది. అందుకని కిలో సీసా అరకిలో ధరకే బిల్లయిపోయింది, వాళ్లు ఫోన్ చేసేదాకా నాకు తెలియలేదు. పోనీ చివరి అంకె మార్చేద్దామా అనుకున్నాను. అదీ కుదరదు, ఆ 13వ అంకె ముందున్న 12 అంకెల నుంచి లెక్కగట్టి వచ్చేది, తప్పుంటే స్కానర్ తీసుకోదు.

కృష్ణానగర్‌లో టీవీ ప్రోగ్రాములు ఎడిటింగ్ చేసే మా తమ్ముడికి చెబితే, "మాకూ ఇంతే అక్కా. ప్రోగ్రాములకి ఐసాన్ అని నంబర్ ఉంటుంది, మొదటి 12 సీరియల్ మొత్తానికి, తర్వాతి 4 ఎపిసోడ్‌కి, దాన్నే ఇంకో భాషలోకి డబ్ చేస్తే ఆ వెర్షన్‌కి వెనక ఇంకో 8 వస్తాయి. పేరు ఒకటని నంబర్ ఒకటి కాదు" అన్నాడు. అప్పుడు బాగా అర్థమైంది. నోట్‌బుక్ తీసి ఆవకాయ పావుకిలో, అరకిలో, కిలో, వెల్లుల్లి వేసింది, వేయనిది, అన్నీ రాసుకుని దేని నంబర్ దానికి ఇచ్చాను.

రెండోసారి లేబుళ్లు వేయించినప్పుడు, ఆవకాయ రంగుకి కలుస్తుందని గీతలు ఎర్రగా వేయించాను. చూడ్డానికి ఎంతో బాగున్నాయి, కౌంటర్‌లో ఒక్కటీ చదవలేదు. అక్కడి స్కానర్ వెలుతురే ఎరుపు, ఆ వెలుతురులో ఎర్ర గీత తెల్లకాగితంలాగే కనిపిస్తుందట. మళ్లీ తెలుపు మీద నలుపు వేయించి, పక్కన ఖాళీ జాగా కూడా వదిలించాను. దయచేసి మీరు ముందు ఒక్క లేబుల్ తీసుకెళ్లి షాపులో స్కాన్ చేయించి చూడండి, ఆ తర్వాతే వేలల్లో ప్రింట్ వేయించండి.

ఇంకోటి, ఈ నంబర్ ఏ సరుకో చెబుతుంది, ఏ రోజు పెట్టిందో చెప్పదు. దానికి లేబుల్ మీద బ్యాచ్ నంబర్ వేరే ఉండాలి. మొన్న గోంగూర సీసాలో పైన బూజు కనిపించిందని ఒకావిడ ఫోన్ చేస్తే, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. బ్యాచ్ నంబర్ చదివించుకుని పుస్తకంలో చూస్తే, ముసురు పట్టిన రోజున పెట్టింది, ఆకు సరిగ్గా ఆరలేదు. ఆ సాయంత్రమే తార్నాక వెళ్లి ఆ బ్యాచ్‌లో మిగిలిన 11 సీసాలూ ఇంటికి తెచ్చేసుకున్నాను, మిగతావి షెల్ఫ్‌లోనే ఉంచాను.