ప్యాంటు నడుం పట్టీ పైకెక్కితే కాళ్లు పొడుగయ్యాయి

కూర్చుంటే నేను పొడగరినే. లేచి నిలబడితే అసలు సంగతి బయటపడుతుంది: మొండెం పొడుగు, కాళ్లు పొట్టి. రెడీమేడ్ ప్యాంటు వేస్తే అది మరీ కొట్టొచ్చినట్టు కనిపించేది. అందుకే కొలతలిచ్చి కుట్టించుకుందామని టైలర్ దగ్గరికి వెళ్లాను.

అన్నిటికంటే ఎక్కువ బేరం రైజ్ దగ్గరే నడిచింది. కాళ్ల మధ్య కుట్లు కలిసే చోటు నుంచి ముందువైపు నడుము పట్టీ పై అంచు దాకా ఉండే కొలత అది. నా పాత జీన్స్‌కి 8 అంగుళాలుంటే, పట్టీ తుంటి మీదే ఆగిపోయేది. కాళ్లు ఎక్కడ మొదలయ్యాయో చూసేవాళ్లకి తెలిసేది ఆ పట్టీని బట్టే. 11 అంగుళాలు పెట్టమన్నాను. "పెంచేది పైకా సార్, కిందికా?" అన్నాడాయన. మంచి ప్రశ్న. పట్టీ పైకి వెళ్లకుండా కింది కుట్టు జారితే కాళ్లు ఇంకా పొట్టిగా కనిపిస్తాయి, నడక కూడా ఇబ్బందే. పైకే అన్నాను. పట్టీ బొడ్డుకి కాస్త కింద కూర్చుంది. చొక్కా టక్ చేస్తేనే దీని ఫలితం; బయటికి వదిలేస్తే ఎవరికీ కనపడదు.

తర్వాత తొడలు. నావి బొద్దు. ప్లీట్స్, అంటే నడుం పట్టీ కింద ముందువైపు పెట్టే మడతలు, లేని ప్యాంటులో బట్ట బిగిసి, పక్క జేబులు ఏనుగు చెవుల్లా విచ్చుకునేవి, దాంతో తుంటి వెడల్పుగా కనిపించేది. ప్లీట్స్ లావు చూపిస్తాయని అందరూ అంటారు గానీ, సరిపడా వదులుంటే అవి తెరుచుకోవు. చెరో వైపు ఒక్క ప్లీట్ పెట్టించి, ఇస్త్రీ గీత దానిలోంచే కిందికి దిగేలా చేయించాను. నడుం నుంచి బూటు దాకా ఒకే నిలువు గీత పడింది.

బాటమ్, అంటే ప్యాంటు కాలి చివర వెడల్పు, పరిచి కొలిస్తే 8 అంగుళాలు ఉండాలన్నాను. ఆయన 7 అన్నాడు, ఇప్పుడంతా అదే నడుస్తోందట. పిన్నులు పెట్టి చూస్తే తొడలు ఇంకా బరువుగా, పాదాలు పడవల సైజులో కనిపించాయి. వద్దన్నాను. పొడవేమో బూటు పైభాగాన్ని ముందువైపు తాకీ తాకనట్టు ఆపించి, వెనకవైపు కొంచెం దించమన్నాను. చీలమండ దగ్గర బట్ట ముడతలు పడి పోగైతే, ఆ మేరకు కాలు తగ్గినట్టే.

కింద బయటికి మడత పెట్టిస్తే అడ్డగీత పడి కాలు పొట్టిగా కనిపిస్తుందని తెలుసు. అయినా ఒక ప్యాంటుకి ఒకటిన్నర అంగుళం మడత పెట్టించుకున్నాను. అదంటే నాకు ఇష్టం, అంతే. బెల్టు లూపులు మాత్రం తీయించేశాను. వేరే రంగు బెల్టు ఒంటిని నడిమికి కోసేస్తుంది.

ట్రయల్ రోజున ఫోటోలు తీయించుకున్నాను, ఫోన్ నడుం ఎత్తులో పట్టుకోమని చెప్పి. తల ఎత్తు నుంచి దగ్గరగా తీస్తే ఎవరి కాళ్లయినా కురచగానే వస్తాయి. వెనక నుంచి తీసినవాటిలో వెనక జేబులు కిందికి దిగి, సీటు జారినట్టుంది. కుట్లు విప్పి రెండు జేబుల్నీ అర అంగుళం పైకి, కాస్త దగ్గరికి జరపమని ప్యాంటు అక్కడే ఇచ్చి వచ్చాను.