తెలుగు సైట్ గూగుల్‌లో కనబడకపోతే ముందు ఏం చూడాలి, ఫోన్‌లో ఒత్తులు ఎందుకు తెగుతాయి

వంటల సైట్ అయినా, ఊరి వార్తల సైట్ అయినా, సాహిత్య పత్రిక అయినా సొంతంగా సైట్ నడిపేవాళ్ల మొదటి ప్రశ్న ఒకటే: "నా పేజీ గూగుల్‌లో ఎందుకు రావట్లేదు?" ఈ ప్రశ్న పట్టుకుని వెళితే చాలామంది నెలవారీ ఎస్ఈఓ (సెర్చ్‌లో సైట్‌ను పైకి తెచ్చే పని) ప్యాకేజీ అంటగడతారు. డబ్బు కట్టే ముందు మీరే చూసుకోదగ్గవి చాలా ఉన్నాయి. తెలుగు సైట్లకు వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం పోటీ వల్ల వచ్చేవి కావు. గూగుల్ ఆ పేజీని చదవలేకపోవడం వల్లనో, చదివేవాళ్లు ఫోన్‌లో చదవలేకపోవడం వల్లనో వచ్చేవి.

ముందు సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ తెరిచి, పైన ఉన్న పెట్టెలో పేజీ చిరునామా వేయండి. ఆ పేజీ ఇండెక్స్‌లో, అంటే గూగుల్ దాచుకునే పేజీల జాబితాలో, ఉందో లేదో, లేకపోతే కారణమేమిటో అక్కడే చెబుతుంది. "నోఇండెక్స్ వల్ల తీసేశాం" అని వస్తే, పేజీని జాబితాలో పెట్టుకోవద్దనే గుర్తు ఎక్కడో ఉన్నట్టు. మీ సైట్ వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంటే అందులో సెట్టింగ్స్, రీడింగ్‌లోకి వెళ్లండి. సెర్చ్ ఇంజిన్లు రావద్దని చెప్పే టిక్కు ఒకటి అడుగున ఉంటుంది. సైట్ కడుతున్నప్పుడు డెవలపర్ దాన్ని పెడతాడు, అప్పగించేటప్పుడు తీయడం మరిచిపోతాడు. కొత్త సైట్లలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఈ టిక్కే.

దీనికి తోడు, సైట్‌లో ఎక్కడికి రావచ్చో ఎక్కడికి రాకూడదో సెర్చ్ ఇంజిన్లకు చెప్పే రోబోట్స్ ఫైల్ గందరగోళం ఒకటి ఉంది. రోబోట్స్ ఫైల్‌లో ఒక దారిని మూసేస్తే గూగుల్ ఆ పేజీ లోపలికి రాదు. కానీ వేరే సైట్ల నుంచి ఆ పేజీకి లింకులు ఉంటే, వివరణ లేకుండా ఉత్త చిరునామాతో ఫలితాల్లో కనిపించవచ్చు. పేజీని నిజంగా తీయించాలంటే దాంట్లో నోఇండెక్స్ ట్యాగ్ పెట్టి, రోబోట్స్‌లో మాత్రం దారి తెరిచి ఉంచాలి. రెండూ కలిపి పెడితే, వీధి గేటుకు తాళం వేసి లోపల గోడ మీద నోటీసు అంటించినట్టే. గూగుల్‌కు ఆ నోటీసు చదివే వీలే ఉండదు. నోఇండెక్స్ మాటను రోబోట్స్ ఫైల్‌లోనే రాసే పాత పద్ధతిని గూగుల్ 2019 సెప్టెంబరు 1 నుంచి పట్టించుకోవడం మానేసింది. పాత వ్యాసాలు చూసి అలా రాసేవాళ్లు ఇంకా ఉన్నారు.

"క్రాల్ చేశాం, ప్రస్తుతానికి ఇండెక్స్ చేయలేదు" అని వస్తే సంగతి వేరు. గూగుల్ వచ్చింది, చదివింది, పెట్టుకోవాలనిపించలేదు. ఇక్కడ సాంకేతిక లోపం వెతకడం కంటే పేజీలో సొంత సరుకు ఎంత ఉందో చూడాలి. ఏజెన్సీ వార్తను ఉన్నదున్నట్టు దించితే ఇలాగే అవుతుంది. ట్యాగులు మరో కారణం. "వంకాయ" అని తెలుగులో ఒక ట్యాగు, అదే మాట ఇంగ్లిషు అక్షరాల్లో ఇంకొకటి, "వంకాయ కూరలు" అని మూడోది పెడితే, ఒకే పోస్టు మూడు ట్యాగు పేజీల్లో కనిపిస్తుంది. ఒకటి రెండు పోస్టులే ఉన్న ట్యాగులను తీసేయండి, లేదా ట్యాగు పేజీలన్నిటికీ నోఇండెక్స్ పెట్టండి. పాత వర్డ్‌ప్రెస్ సైట్లలో ఎక్కించిన ప్రతి ఫొటోకీ విడిగా ఒక ఖాళీ పేజీ తయారవుతుంది. 2023 నవంబరులో వచ్చిన 6.4 నుంచి కొత్తగా పెట్టే సైట్లలో అది ఆగిపోయింది. అంతకు ముందువాటిలో మీరే ఆపుకోవాలి.

అను ఫాంట్లలో టైపు చేసిన పాత వ్యాసాలది వేరే కథ. డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన ఆ మేటర్‌ను సైట్‌లో అతికించి, అదే ఫాంటు జత చేస్తే తెలుగులా కనిపిస్తుంది. ఆ ఫాంటు వెనకాల ఉన్నవి మాత్రం అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. గూగుల్‌కు కనిపించేది అదే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాడండి. మార్చాక ఒత్తులు, వట్రసుడులు, పొల్లులు తప్పకుండా చదివి దిద్దుకోవాలి. పేపర్ కటింగ్‌ను ఫొటో తీసి పెట్టి "వ్యాసం పెట్టాం" అనుకునేవాళ్లకూ ఇదే మాట: అందులోని విషయాన్ని టైపు చేయండి, ఫొటో పక్కన ఉంటే ఉండనివ్వండి.

ఇక చిరునామాలు. తెలుగులో ఉంటే గూగుల్‌కు అభ్యంతరం లేదు, బాగానే చదువుతుంది. ఇబ్బంది మరోచోట ఉంది. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో, తెలుగులో ఒక్కో సంకేతానికి 3 బైట్లు పడతాయి. చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలవుతుంది. అంటే ఒక్కో సంకేతానికి 9 అక్షరాలు. హల్లు ఒక సంకేతం, గుణింతపు గుర్తు మరొకటి, పొల్లు ఇంకొకటి. చిరునామాలో ఆ పోస్టుకు చెందిన చివరి భాగాన్ని స్లగ్ అంటారు. వర్డ్‌ప్రెస్ స్లగ్‌కు ఇచ్చేది 200 అక్షరాలు. "సంక్రాంతి అరిసెలు చేసే విధానం" అన్న శీర్షిక తీసుకోండి. సంక్రాంతికి 9 సంకేతాలు, అరిసెలుకు 7, చేసేకు 4, విధానంకు 6, మొత్తం 26. తొమ్మిదితో హెచ్చిస్తే 234, మధ్య గీతలు మూడు కలిపి 237. వర్డ్‌ప్రెస్ దాన్ని 200 దగ్గర కోస్తుంది కాబట్టి చివరి మాటలో "వ" ఒక్కటే మిగులుతుంది. మీ శీర్షిక తప్పు కాదు, తెగింది చిరునామా. పైగా దాన్ని వాట్సాప్‌లో అతికిస్తే రెండు మూడు వరసల శాతం గుర్తులు కనిపిస్తాయి, చూసినవాళ్లు ఏదో వైరస్ లింకు అనుకుని నొక్కరు.

అందుకే శీర్షిక తెలుగులో ఉంచి, స్లగ్‌ను మాత్రం రెండు మూడు మాటల్లో ఇంగ్లిషు అక్షరాలతో చేత్తో రాయడం మేలు. ఇప్పటికే గూగుల్‌లో వస్తున్న పాత పోస్టుల స్లగ్‌లను మాత్రం సరదాకు మార్చకండి. తప్పక మార్చాల్సి వస్తే ఒక తేడా తెలిసి ఉండాలి: ప్రచురించిన పోస్టుకు స్లగ్ మారిస్తే వర్డ్‌ప్రెస్ పాత చిరునామాను గుర్తుంచుకుని కొత్తదానికి పంపుతుంది, "మా గురించి" లాంటి విడి పేజీలకు ఆ పని చేయదు. ఆ పేజీలకు 301 రీడైరెక్ట్, అంటే చిరునామా శాశ్వతంగా మారిందని చెప్పి కొత్తదానికి మళ్లించే ఏర్పాటు, మీరే పెట్టుకోవాలి.

హోస్టింగ్ మార్చాక తెలుగంతా పాడైందన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. ఇక్కడ కళ్లతో చూసి పోల్చుకోదగ్గ తేడా ఒకటుంది. నెత్తిన వాలు గీత ఉన్న ఇంగ్లిషు "à" అక్షరం, పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పదే పదే వస్తుంటే సంతోషించండి, సమాచారం భద్రంగానే ఉంది. యూటీఎఫ్-8 బైట్లను లాటిన్-1 అనే పాత పద్ధతిలో చదువుతున్నారంతే. డేటాబేస్ కనెక్షన్ క్యారెక్టర్ సెట్ సరిచేస్తే, లేదా డంప్‌ను (డేటాబేస్ నకలు ఫైలును) సరైన సెట్‌తో మళ్లీ దించితే తిరిగొస్తుంది. అలా కాకుండా వరసగా ప్రశ్నార్థకాలే కనిపిస్తే, అవి డేటాబేస్‌లోనూ ప్రశ్నార్థకాలే అయితే, ఆ అక్షరాలు పోయినట్టే. పాత బ్యాకప్ ఒక్కటే దిక్కు. కాబట్టి కొత్త హోస్ట్‌లో తెలుగు సరిగా వస్తోందని కనీసం పది పాత పోస్టులు తెరిచి చూసేదాకా పాత హోస్టింగ్ రద్దు చేయకండి.

ఫాంటు, డిజైన్ విషయంలో అసలు చిక్కంతా సైట్‌కు రూపాన్నిచ్చే రెడీమేడ్ థీముల దగ్గర మొదలవుతుంది. వాటిని గీసేది ఇంగ్లిషు అక్షరాన్ని మనసులో పెట్టుకుని. "స్త్రీ" అన్న అక్షరం చూడండి: పైన గుడిదీర్ఘం, మధ్యలో స, కింద రెండు ఒత్తులు. 1.2 లైన్ హైట్‌లో, అంటే వరస ఎత్తు అక్షరం సైజుకు 1.2 రెట్లే ఉంటే, అది పట్టదు. పై వరస ఒత్తులు కింది వరస గుళ్లకు తగులుతాయి. పేరాలకు 1.7 నుంచి 1.8 ఇవ్వండి, శీర్షికలకు 1.5కు తగ్గకండి. బటన్లకు, మెనూకు ఎత్తు 40 పిక్సెళ్లని బిగించి, పొంగింది దాచేయమని చెబితే ఒత్తులు సగానికి తెగుతాయి. ఎత్తు బిగించకుండా పైనా కిందా ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఇవ్వాలి. హోమ్ పేజీలో శీర్షికను రెండు వరసలకు కుదించే చోట కూడా రెండో వరస ఒత్తులే తెగుతాయి. అక్కడ అడుగున కొంచెం ప్యాడింగ్ ఇచ్చి చూడండి. అక్షరాల మధ్య ఎడం సున్నాగానే ఉంచండి.

మండలి, మల్లన్న, సూరన్న లాంటి ఫాంట్లలో ఒకే మందం ఉంటుంది. వాటిని బోల్డ్ చేయమంటే బ్రౌజరే అక్షరాన్ని పులిమి లావు చేస్తుంది, చిన్న సైజులో లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. బోల్డ్ కావాలంటే నోటో సాన్స్ తెలుగు లాంటి, నిజంగా వేరువేరు మందాలున్న ఫాంటు తీసుకోండి. ఇటాలిక్ జోలికి తెలుగులో వెళ్లకపోవడమే మంచిది.

పేరాల కోసం అసలు ఫాంటు దించక్కర్లేదని నా అభిప్రాయం. ఆండ్రాయిడ్‌లో నోటో, విండోస్‌లో నిర్మల, ఐఫోన్‌లో కోహినూర్ ఎలాగూ ఉన్నాయి, మూడూ చదవడానికి బాగుంటాయి. శీర్షికలకు మాత్రం ఒక మంచి ఫాంటు, వాఫ్2 అనే కుదించిన ఫైలు రూపంలో, అది దిగేదాకా ఫోన్‌లోని ఫాంటునే చూపే స్వాప్ పద్ధతిలో పెట్టుకుంటే చాలు. రెండు మూడు తెలుగు ఫాంట్లు ఒకేసారి దించే సైట్ పల్లెటూరి సిగ్నల్ మీద తెరుచుకునేలోపు మనిషి వెనక్కి నొక్కేస్తాడు.

వేగానికి గూగుల్ చూసే కొలతలు మూడు. పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి. నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. ఈ కొలత 2024 మార్చి 12న పాతదాని స్థానంలో వచ్చింది. మూడోది, చదువుతుండగా పేజీ ఎగరకూడదు, ఆ అంకె 0.1 దాటకూడదు. ఇవన్నీ నిజంగా సైట్ చూసినవాళ్ల 28 రోజుల లెక్క మీద, నూటికి 75 మందికి బాగుండాలన్న షరతుతో తేలేవి. వేగాన్ని పరీక్షించే పేజ్‌స్పీడ్‌లో 100 తెప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లు చూపించేది ప్రయోగశాల స్కోరు, గూగుల్ లెక్క వేసేది అది కాదు. ఇవాళ సరిచేస్తే ఆ 28 రోజుల అంకె రేపే మారదు, ఓపిక పట్టాలి.

నెమ్మదికి మొదటి దోషి దాదాపు ఎప్పుడూ ఫొటోనే. ఫోన్‌లో తీసిన 4 ఎంబీ ఫొటోను అలాగే ఎక్కించకుండా, వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో రూపంలో దాస్తే మామూలుగా 150 కేబీ లోపు వస్తుంది. పేజీలో అన్నిటికంటే పైన ఉండే ఫొటోకు లేజీ లోడింగ్ (చూసేవాళ్లు అక్కడికి వచ్చేదాకా దించకుండా ఆపడం) ఉండకూడదు. వర్డ్‌ప్రెస్ ఇప్పుడు మొదటి ఫొటోను తనంతట తానే మినహాయిస్తుంది, కానీ వేగం పెంచుతామని చెప్పే ప్లగిన్లు కొన్ని దానికీ తగిలిస్తాయి. ప్రకటన పెట్టె కోసం ముందే 250 పిక్సెళ్ల ఎత్తు కేటాయించి ఉంచితే పేజీ ఎగరడం చాలామటుకు ఆగుతుంది.

చిన్న ప్రశ్నలకు చిన్న జవాబులు. పేజీ కోడ్‌లో ముఖ్య పదాల కోసం ఉండే మెటా కీవర్డ్స్ నింపక్కర్లేదు, ర్యాంకింగ్‌లో వాటిని వాడడం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. సైట్‌మ్యాప్‌లో (గూగుల్‌కు ఇచ్చే పేజీల జాబితాలో) ప్రాధాన్యం అంకెలనూ చూడదు. చివరిసారి మార్చిన తేదీని మాత్రం, అది నిజాయితీగా ఉంటే, పట్టించుకుంటుంది. ప్రశ్న-జవాబు స్కీమా (పేజీలో ఏముందో గూగుల్‌కు చెప్పే కోడ్) పెడితే ఆ ప్రశ్నలు ఫలితాల్లో విప్పారతాయన్నది పాత మాట, 2023 ఆగస్టులో దాన్ని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేశారు. తెలుగు, ఇంగ్లిషు రెండు రూపాలుంటే ఇదే పేజీ మరో భాషలో ఎక్కడుందో చెప్పే హెచ్‌రెఫ్‌లాంగ్ లింకు రెండు వైపులా ఉండాలి, ఒక వైపే ఉంటే గూగుల్ దాన్ని వదిలేస్తుంది.

డొమైన్ మార్చేవాళ్లు హోమ్ పేజీకి అన్నీ మళ్లించడం పెద్ద పొరపాటు. పాత ప్రతి పేజీ దాని కొత్త పేజీకే 301తో వెళ్లాలి. సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మార్పు తెలియజేసి, ఆ రీడైరెక్ట్‌లను కనీసం ఏడాది ఉంచాలి. పాత డొమైన్‌ను మీ పేరున, మీ ఈమెయిల్‌తో రెన్యువల్ చేస్తూనే ఉండండి. అది డెవలపర్ ఖాతాలో ఉంటే ఈ పనంతా మొదలుపెట్టే ముందే మీ ఖాతాకు మార్పించుకోండి.