ఇటుక ఎరుపు రైలు

నిన్న నాన్నగారిని చెన్నైలోని పెరంబూరు రైలు మ్యూజియానికి తీసుకెళ్లాను. ఒక పాత బోగీ దగ్గర ఆయన కాళ్లు ఆగిపోయాయి. కిటికీ కమ్మీల పక్కన రంగు పెచ్చులూడి, అడుగున ఇటుక ఎరుపు కనిపిస్తోంది. “విజయవాడ నుంచి మద్రాసుకు వచ్చిన బళ్లన్నీ ఇదే రంగు, అమ్మా!” అన్నారు. 1990లలో నీలం వచ్చింది. 1955లో మొదలైన ఇక్కడి రైలు బోగీల కర్మాగారమే 2018లో తెలుపు, నీలం వందే భారత్‌ను తయారుచేసింది; తర్వాత కాషాయం కూడా వచ్చింది. అవీ నాకిష్టమే. 1855 నాటి ఈఐఆర్-21 ఆవిరి ఇంజిన్‌కు 2010లో పెరంబూరు కార్మికులే మళ్లీ ప్రాణం పోశారు, వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. రైల్వే వారసత్వ ఉత్సవాలంటే పాత ఇంజిన్లకేనా? ఒక్క రైలుకైనా ఆ ఇటుక ఎరుపు వేసి చెన్నై, విజయవాడల మధ్య నడపండి. మొదటి టికెట్ నాన్నగారికే కొంటాను.