మీసం, మాస్కు, మా అమ్మాయి తెలుగు

"నీళ్ళ అడుగున ఎంత బాగుందో నాన్నా! అక్కడ నువ్వు నన్ను దిద్దలేవు."

అండమాన్‌లోని నీల్ దీవిలో, భరత్‌పూర్ తీరాన, మొల లోతు నీళ్ళలో నిలబడి, మాస్కును నుదుటి మీదికి నెట్టుకుంటూ మా పెద్దమ్మాయి అన్న మాట ఇది. దానికి పన్నెండేళ్ళు. కోపంతో అనలేదు. కోపంతో అని ఉంటే నేనూ నాలుగు మాటలు అనేవాడిని, అక్కడితో చెల్లుకు చెల్లు అయ్యేది. జామకాయ తియ్యగా ఉంది అన్నంత మామూలుగా అనేసి, మళ్ళీ మాస్కు దించుకుని నీళ్ళలోకి ముఖం పెట్టేసింది. నేను అక్కడే నిలబడి పోయాను. ఇంటికి వచ్చి నెల దాటింది. ఆ మాట చెవిలోకి దూరిన ఉప్పునీళ్ళలాగా, ఎటు తల వంచినా బయటికి రావడం లేదు.

మాది తెనాలి. ఉద్యోగం కోసం చెన్నై వచ్చి పదిహేడేళ్ళు. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. బడిలో రెండో భాష తమిళం, మూడోది హిందీ. తెలుగు ఆదివారం పొద్దున నేను కూర్చోబెట్టి చెప్పే గంట. ఆ గంటతో ఆగితే ఇది రాయవలసిన అవసరం ఉండేది కాదు. భోజనాల దగ్గర, బండి మీద, అపార్టుమెంటు లిఫ్టులో, ఎక్కడ పడితే అక్కడ దిద్దుతాను. ఇంట్లో 'నాన్నా' అని పిలిచే పిల్ల, బడి గేటు దగ్గరికి రాగానే 'అప్పా' అంటుంది. మొదటిసారి విన్నరోజు, తోటి పిల్లల ఎదుటే, "ఎవరా అప్పా?" అని అడిగాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు ముడుచుకుపోతుంది. ఆ తరువాత కొన్నాళ్ళు అది గేటు దగ్గర నన్ను ఏమీ పిలవలేదు.

పైగా ఊరి పేరు కథ ఒకటి. 1639లో ఇంగ్లీషు వాళ్ళకు ఇక్కడ కోట కట్టుకునే వీలు ఇచ్చినవాడు దామెర్ల వెంకటప్ప నాయకుడనీ, ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం వచ్చిందనీ అంటారు కదా. దానిని నేను కోట పక్కగా వెళ్ళిన ప్రతిసారీ చెబుతాను. వెనక సీటులోంచి చిన్నవాడు "చెన్నప్ప" అని నాకంటే ముందే అందుకుంటాడు. భక్తితో కాదు.

నా భార్యది పెరంబూరు. నాలుగు తరాలుగా ఇక్కడి తెలుగువాళ్ళే. పెళ్ళయిన కొత్తలో ఆమె తెలుగు వాక్యాలు తమిళం తీరులో తిరుగుతుంటే నవ్వేవాడిని. "మా ఇంట్లో ఎవరూ ఎవరికీ పుస్తకం పెట్టి నేర్పలేదండీ, అయినా నాలుగు తరాలు బతికింది" అని ఆమె ఒకే ఒకసారి చెప్పింది. రెండోసారి చెప్పలేదు. నేనేమో ఇదే ఊళ్ళో పదిహేడేళ్ళుండి, అరటిపండు కొనబోతే, 'వాళప్పళం'లోని ఆ తమిళ 'ళ' కాని 'ళ' ఇంతవరకూ నోటికి పట్టనివాడిని. ఒకనాడు కొట్టు దగ్గర అమ్మాయి మెల్లగా నా ఉచ్చారణ సరిచేస్తే, "నలుగురిలో ఏమిటది?" అని కసిరాను. నలుగురిలో అట!

ఇంతకీ అండమాన్ ఎందుకు వెళ్ళామంటే, ప్రశాంతత కోసం. తిరువాన్మియూరులో మా ఇంటి నుంచి సముద్రం నడిచిపోయే దూరమే. కాని అది చూసే సముద్రం, దిగే సముద్రం కాదు. అలలు పెద్దవి, కాలి కింద ఇసుక నిలవదు. పిల్లలకు చేపలు చూడాలని ఉంది, నాకు నాలుగు రోజులు ఎవరి గొంతూ వినబడని చోట కూర్చోవాలని ఉంది. "ప్రశాంతత కావాలంటే మీరు ఇంట్లో ఉండి మమ్మల్ని పంపించండి, మాకు వచ్చేస్తుంది" అంది నా భార్య. నవ్వాను. అది పరిహాసం కాదని నీల్‌లో అర్థమైంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొచ్చే ముక్కలు కొన్ని చెబుతాను. ఇందులోనైనా నా మాట నమ్మవచ్చు. చెన్నై నుంచి విమానంలో పోర్ట్ బ్లెయిర్ రెండు గంటల పైచిలుకు. 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం. (ఆ బోర్డు చూసి అమ్మాయి, "దీనికి కూడా కథ ఉందా నాన్నా?" అని ముందుగానే నిట్టూర్చింది.) అక్కడినుంచి హ్యావ్‌లాక్‌కూ నీల్‌కూ ఓడలు. 2018 చివర వాటికి స్వరాజ్ ద్వీప్, శహీద్ ద్వీప్ అని పేర్లు పెట్టారు కాని, మేము విన్నంతవరకు రేవులో అందరి నోటా పాత పేర్లే.

పేరున్న తీరం వేరు, చేపలున్న తీరం వేరు. ఈ సంగతి తెలియక మొదటి రోజు పోగొట్టుకున్నాం. హ్యావ్‌లాక్‌లోని రాధానగర్‌ను 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి తీరమని పొగిడింది, 2020లో శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపూ వచ్చింది. పిండిలాంటి ఇసుక, వెనక ఆకాశాన్ని తాకే చెట్లు. అన్నీ నిజమే. కాని అడుగంతా ఇసుకే కాబట్టి మాస్కు పెట్టుకుని చూస్తే మన కాళ్ళే కనబడతాయి. కాలాపత్తర్ తీరంలోని నల్లరాళ్ళు పక్కన కూర్చుని చూడడానికి. పగడాలు కావాలంటే ఎలిఫెంట్ బీచ్. హ్యావ్‌లాక్ రేవు నుంచి పడవలో ఇరవై నిమిషాలు, లేదంటే అడవిలోంచి నడక. ఒడ్డు నుంచి పది బారలు వేస్తే పగడాలే. కాని పడవలన్నీ ఒక్కసారే వచ్చి వాలే వేళకు వెళ్ళామేమో, చేపలకంటే మనుషుల కాళ్ళు ఎక్కువ కనబడ్డాయి.

అందుకే నీల్‌లో రెండు రాత్రులు ఉన్నాం. ప్రశాంతమైన తీరం ఎక్కడ అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేనిచ్చే జవాబు, పొద్దున్నే అని. దేశానికంతటికీ ఒకే గడియారం కాబట్టి అక్కడ చలికాలంలో అయిదూ అయిదుంబావుకే పొద్దుగూకుతుంది, తెల్లవారడమూ త్వరే. ఇంకొకటి, ఆటుపోట్లు చూసుకోవాలి. జీవితంలో ఆటుపోట్లు అని వందసార్లు అని ఉంటాను. ఏది ఆటో ఏది పోటో భరత్‌పూర్‌లోనే తెలిసింది. మధ్యాహ్నం పన్నెండింటికి వెళితే సముద్రం ఎక్కడో దూరంగా ఉంది. మధ్యలో అంతా బురద, రాయి, చచ్చిన పగడం. పడవ నడిపే కుర్రాడు మమ్మల్ని చూసి నవ్వి, రేపు ఆరున్నరకు రండి, పోటు మీద ఉంటుంది అన్నాడు. తెలుగులో!

అతని తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడట. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి పదమూడుగురి మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత మనదే. ఇది నాకు ముందే తెలుసు. కాని లెక్క తెలియడం వేరు, లైఫ్ జాకెట్ బకిల్ బిగిస్తూ ఒకడు తెలుగులో మాట్లాడడం వేరు. అతను చదివింది హిందీలో. తెలుగు ఇంట్లో విన్నదే. అందులో సగం హిందీ, కొంత బెంగాలీ, యాస శ్రీకాకుళానిదీ కాదు, ఎక్కడిదీ కాదు, ఆ దీవిది. నా దగ్గర వాక్యం మొదలు పెట్టడానికి పదిసార్లు ఆలోచించే మా అమ్మాయి, అతనితో గలగల మాట్లాడింది. 'అన్నా' అని పిలిచింది. అది తమిళంలోనూ అన్నే, తెలుగులోనూ అన్నే, నాకు దిద్దడానికి ఏమీ మిగలలేదు. 'కడల్‌లో మీన్ ఎక్కడ ఎక్కువ ఉంటుంది?' అని అడిగింది. సముద్రం, చేపలు అని నా నాలుక చివరి దాకా వచ్చింది. అతను చెయ్యి చూపి ఎక్కడుంటాయో చెప్పాడు. వాళ్ళ పని అయిపోయింది.

ఆ రాత్రి మంచం మీద పడుకుని ఆలోచిస్తే సిగ్గేసింది. సముద్రం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట. కడలి మనది. మీను కూడా పాత తెలుగులో ఉన్నదే. అంటే ఆ ఒక్క వాక్యంలో పిల్ల నాకంటే ఎక్కువ తెలుగే మాట్లాడింది. ఈ ముక్క దానికి చెప్పలేదు. చెబితే అదీ ఇంకో పాఠం అయిపోతుంది. లేదా ఓడిపోయానని ఒప్పుకోవడం ఇష్టం లేక చెప్పలేదు. రెండో కారణమే నిజమనుకుంటాను.

ఇక మాస్కు సంగతి. కొనేముందు పరీక్ష ఒకటుంది. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీలిస్తే అది అంటుకుని ఉండిపోవాలి. పడిపోతే నీళ్ళు వస్తాయి. అద్దం మసకబారకుండా లోపల ఉమ్మి రుద్ది కడగాలని ఆ కుర్రాడు చెప్పాడు. ఎంగిలి, శుచి అని పుట్టినప్పటినుంచీ నూరిపోసిన తండ్రి ఎదుట, పిల్లలిద్దరూ ఎంత సంబరంగా ఉమ్మారో చెప్పలేను. పిల్లల మాస్కులు అతుక్కున్నాయి. వాళ్ళమ్మది అతుక్కుంది. నాది అతుక్కోలేదు. మీసం.

మీసం సందుల్లోంచి నీళ్ళు ముక్కులోకి వస్తాయి. వాజిలీన్ రాయమన్నారు, రాశాను, మీసం మెరిసింది, నీళ్ళు వచ్చాయి. తీసేయండి సార్, వారంలో వచ్చేస్తుంది అన్నాడు కుర్రాడు. తీయను అన్నాను. ఇరవై ఏళ్ళలో ఒక్కసారే తీశాను, మా నాన్న పోయినప్పుడు. ఆ సంగతి అతనికి చెప్పలేదు కాని, మా అమ్మాయికి తెలుసు. అది ఒక్క క్షణం నా వంక చూసి, "సరే నాన్నా, నువ్వు ఒడ్డున ఉండు, నేను చూసి వచ్చి చెబుతాను" అంది. అలా చూసి వచ్చి చెప్పిన మొదటి మాటే, నీళ్ళ అడుగున ఎంత బాగుందో అన్నది.

ఒడ్డున కూర్చున్నాను. ఏడు గంటలు కాలేదు. ఒక్క మోటారు పడవ కూడా కదలలేదు. నేను వెతుక్కుంటూ వచ్చిన నిశ్శబ్దం అదే. అసలు ఏకాంతం అంటే ఏ మనిషీ లేని మూల అనుకుని వచ్చాను. మడ అడవి పక్క అలాంటి మూలలు ఉన్నాయి కాని, అక్కడ ఉప్పునీటి మొసళ్ళు తిరుగుతాయి. 2010లో హ్యావ్‌లాక్‌లో నీళ్ళలో ఈదుతున్న పర్యాటకురాలిని మొసలి పొట్టన పెట్టుకుంది. హెచ్చరిక బోర్డు ఉన్నచోట దిగకండి, తోడు లేకుండా దిగకండి. నిశ్శబ్దం కావాలంటే ఇలా తెల్లవారుజామున, మనుషులున్న తీరానే వెతుక్కోవాలి. వెతుక్కున్నాను. దొరికింది. అందులో కూర్చుంటే వినబడేది ఒక్కటే వాక్యం, నువ్వు నన్ను దిద్దలేవు అని.

కాసేపటికి అమ్మాయి మళ్ళీ వచ్చి, తెల్లగా ఎముకల్లా ఉన్న పగడాల గురించి చెప్పింది. నీళ్ళు వేడెక్కితే పగడం తన లోపల కాపురమున్న నాచును బయటికి నెట్టేస్తుందట. రంగూ తిండీ ఇచ్చేది ఆ నాచే. అది పోతే పగడం పాలిపోతుంది, ఎక్కువ రోజులు అలాగే ఉంటే చచ్చిపోతుంది. 2010లో ఆ దీవుల చుట్టూ అలా చాలా పగడాలు తెల్లబడ్డాయి. ఇదంతా అది సగం తెలుగు, సగం ఇంగ్లీషు, ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. వింటూ ఉండగానే నాకు ఒక పోలిక తట్టింది. భాష, ఇల్లు, వేడి... ఎంత బాగా కుదిరిందో! నోరు తెరిచాను. మా ఆవిడ నా వంక చూసింది. మూసుకున్నాను.

ఆ రాత్రి బసలో, అందరూ పడుకున్నాక, స్నానాల గదిలో మీసం తీసేశాను. ఎందుకని అడిగితే సరైన సమాధానం లేదు. పశ్చాత్తాపం అంటే గొప్పగా ఉంటుంది కాని, సగం చేపలు చూడాలన్న ఆశే. పొద్దున పిల్లలు చూసి కెవ్వుమన్నారు. చిన్నవాడు నా పై పెదవిని వేలితో తాకి చూశాడు.

ఏడున్నరకు పోటు. మాస్కు అతుక్కుంది. ముఖం నీళ్ళలో పెట్టాను. ఏం చెప్పను? వినబడేది నా ఊపిరి ఒక్కటే. కింద పగడాల మధ్య వేళ్ళలా ఊగే దానిలోంచి నారింజ చేప ఒకటి తొంగి చూస్తోంది. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని లాగి, పచ్చగా నీలంగా మెరిసే ఒక పెద్ద చేపను చూపింది. చిలకముక్కులాంటి నోటితో పగడాన్ని కొరుకుతోంది. ఆ చప్పుడు కూడా వినబడింది. మనం కాళ్ళు పెట్టే తెల్ల ఇసుకలో చాలా భాగం ఆ చేపలు కొరికి విసర్జించిందే. ఇది నాకు తెలుసు, ముందురోజే చదివాను. అంతే, ఆగలేకపోయాను. ఊపిరి పీల్చే గొట్టంలోంచే, "చిలక చేప!" అన్నాను. బుడగలు వచ్చాయి. ఉప్పునీళ్ళు గొంతులోకి పోయాయి. పైకి లేచి, దగ్గి, కన్నీళ్ళు తుడుచుకునేసరికి అమ్మాయి ఎదురుగా నిలబడి ఉంది.

"ఏమన్నావు నాన్నా?"

"ఏమీ లేదు."

"దిద్దావు కదా?"

"లేదు. పేరు చెప్పాను."

అది నమ్మలేదు. దాని చోట నేనున్నా నమ్మేవాడిని కాదు.

తిరుగు ప్రయాణంలో అమ్మ ఫోను చేసింది, వీడియోలో. మీసం సంగతి నేను మరచిపోయాను. తెనాలిలో ఆవిడ ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. "ఎవరికి ఏమైందిరా? నాకెందుకు చెప్పలేదు?" అంది. ఆవిడకు ఆ ముఖం గుర్తుకు తెచ్చేది ఒక్కటే రోజు. నా గొంతు పెగల్లేదు. అమ్మాయి ఫోను లాక్కుంది. ఎవరికీ ఏమీ కాలేదు నాయనమ్మా అని మొదలు పెట్టి, మాస్కు ఎలా అతుక్కోవాలో, నీళ్ళు ఎటునుంచి వస్తాయో, నాన్న మొదటి రోజు ఒడ్డున ఒంటరిగా ఎలా కూర్చున్నాడో, రాత్రి దొంగలా ఎలా తీసేశాడో అన్నీ వరసగా చెప్పింది. అవతల అమ్మ మొదట ఏడ్చింది, తరువాత నవ్వింది, తరువాత నన్ను తిట్టింది.

మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. అంత సేపు అది ఆగకుండా తెలుగు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. తప్పులు ఆరు. లెక్కపెట్టాను.