నాలుగో లేన్ ముందెందుకు?

వచ్చే వారం మండల స్థాయి ఆటల పోటీలు మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల మైదానంలోనే జరగనున్నందున, ఈరోజు ఉదయం ఏడు గంటలకే పీడీ సారుతో కలిసి ట్రాక్ గీయడానికి వెళ్లాను. అనంతపురం జిల్లాలో అరుదుగా పడే వాన రాత్రి కాస్త కురవడంతో ఎర్రనేల మెత్తబడి, గూటాలు సులువుగా దిగాయి.

లెక్కలు చెప్పే నేను ఈ పనికి పూనుకోవడానికి కారణం ఉంది. నిరుడు మరోచోట జరిగిన పోటీల్లో 200 మీటర్ల పరుగుకు నలుగురు అమ్మాయిలనూ ఒకే గీత మీద నిలబెట్టి విజిల్ ఊదారు. అందరికంటే బయటి లేన్‌లో ఉన్న మా అమ్మాయి చివరన వచ్చి, తిరుగు ప్రయాణంలో బస్సులో దారంతా ఏడ్చింది. ఆమె మిగతా వారికంటే ఎంత ఎక్కువ దూరం పరుగెత్తిందో నేను ఇంటికొచ్చాక కాగితం మీద లెక్క వేసుకుని తెలుసుకున్నాను. అక్కడే అడగవలసింది.

400 మీటర్ల ట్రాక్ మా మైదానంలో పట్టదు. అందుకే 50 మీటర్ల చొప్పున రెండు నేరు దారులు, 50 మీటర్ల చొప్పున రెండు అర్ధవృత్తాలు కలిపి 200 మీటర్ల ట్రాక్ గీస్తాం. వంపు 50 మీటర్లు రావాలంటే వ్యాసార్థం 15.92 మీటర్లు ఉండాలి. లోపలి గీతకు 20 సెంటీమీటర్లు బయటగా పరుగెత్తుతారని లెక్క కాబట్టి, ముగ్గు గీత 15.72 మీటర్ల దగ్గర పడుతుంది. ఒక్కో లేన్ వెడల్పు 1.22 మీటర్లు.

నాలుగో లేన్‌లో పరుగు మొదలయ్యే గీతను 23 మీటర్లు ముందుకు జరిపి గీసినప్పుడు, సాధనకు వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఊరుకోలేదు. "ఆ పిల్ల అంత ముందర నిలబడితే గెలిచేది ఆ పిల్లే కదా సార్? నేనొప్పుకోను" అంది. వివరించడానికి నోరు తెరిచాను గానీ, పీడీ సారు నన్ను ఆపి ఆమె చేతిలో నైలాన్ దారం, టేపు పెట్టారు. ఆమె స్నేహితురాళ్లతో కలిసి గీతకు 20 సెంటీమీటర్లు బయటగా దారం పరుచుకుంటూ వంపులను కొలిచింది. మొదటి లేన్ 49.90 మీటర్లు, నాలుగోది 61.40 మీటర్లు వచ్చాయి. తేడా 11.50, రెండు వంపులకు కలిపి 23. ఆ అంకె తన నోటితోనే పలికి, చాలాసేపు ఆ ముందు గీతనే చూస్తూ నిలబడింది.

కానీ వంపు 50కి బదులు 49.90 ఎందుకు వచ్చింది? "పది సెంటీమీటర్లే కదా సార్" అన్నారు పిల్లలు. అప్పుడు పీడీ సారు వాళ్లను కూర్చోబెట్టి, 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో పీటీ ఉష 400 మీటర్ల హర్డిల్స్‌ను 55.42 సెకన్లలో ముగించి, సెకనులో వందో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్న సంగతి చెప్పారు. నేను బలపం తీసుకుని గచ్చు మీద భాగించి చూపించాను: ఆ వేగంలో సెకనులో వందో వంతు అంటే దాదాపు 7 సెంటీమీటర్ల దూరం. ఎవరూ మాట్లాడలేదు.

తప్పు ఎక్కడుందో కనిపెట్టింది కూడా ఆ అమ్మాయే. మేము తాడును గూటానికి బిగించి కట్టాం. గూటం మందం నాలుగు సెంటీమీటర్లు. ముగ్గు పోస్తూ నడిచేకొద్దీ తాడు దాని చుట్టూ చుట్టుకుని పొట్టిదవుతూ వచ్చింది. "మా ఎనుము గూటం చుట్టూ తిరిగితే పలుపు ఇట్లే కురచైపోతుంది సార్" అంది. ఇన్నేళ్లుగా వృత్తాలు బోధిస్తున్న నాకు ఆ మాట తట్టలేదు. నిజంగా ఎంత సంతోషం కలిగిందో ఇక్కడ రాసుకోకుండా ఉండలేను. తాడు చివర ఇనుప కడియం కట్టి, దాన్ని గూటానికి వదులుగా తొడిగి, వంపులన్నీ చెరిపి మళ్లీ గీశాం. ఈసారి 49.99 వచ్చింది.

ప్రార్థన గంట కొట్టేలోగా ఆమె నాలుగో లేన్‌లో తనంతట తానే నిలబడి ఒక చుట్టు పరుగెత్తింది.

సాయంత్రం మళ్లీ మబ్బు పట్టింది. ముగ్గు చెరిగిపోయినా కేంద్రాలు పోకూడదని, గూటాలు దిగిన రెండు చోట్లా నేలమట్టంగా బండరాళ్లు పాతించి, వాటి మీద ఉలితో గంట్లు పెట్టించి ఇంటికి వచ్చాను.